ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు పిల్లలు: దీన్ని పేదరికం అనకండి



వచ్చే 22వ తారీఖు ఆదివారం మన జనరల్ బాడీ మీటింగు. నోటీసులో 6వ అంశం చూసే ఉంటారు: "కంప్యూటర్ క్లాసు పునర్వ్యవస్థీకరణ". మాట పెద్దది, సంగతి చిన్నది. మన హాలు పై అంతస్తులో ఆదివారం పొద్దున మేము నడిపే కోడింగ్ క్లాసును ఆపేసి, దాని బదులు పుణెలోని ఒక కోచింగ్ కంపెనీ దగ్గర ప్యాకేజీ కొనాలట. పిల్లకొక ట్యాబ్, చెవులకు హెడ్‌ఫోన్, రికార్డు చేసిన వీడియో పాఠాలు, చివర్లో రంగుల సర్టిఫికెట్. కారణం ఒక్క వాక్యంలో రాశారు: "ప్రస్తుతం ఇద్దరేసి విద్యార్థులను ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టుచున్నందున పిల్లలకు నష్టం జరుగుచున్నది."

ఆ ఒక్క వాక్యం మీదనే ఈ పొడుగాటి పోస్టు. మేము అంటే ఆ క్లాసు నడిపే ఐదుగురం. మాలో ఒకరు పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారం వారం ఇంటికి వచ్చేవారు, ఒకరు కాలేజీలో లెక్కలు చెప్పేవారు, ఇద్దరు స్కూలు టీచర్లు, ఒకరు చద్దర్ల కార్ఖానాలో డిజైన్లు గీసేవారు. ఎవరికీ జీతం లేదు, పదవి లేదు. కాబట్టి పదవి పోతుందని ఏడుస్తున్నారనే మాట మాత్రం దయచేసి అనకండి. మిగతావి ఏమన్నా అనండి.

మొదట ఒక అపోహ తీసేద్దాం. కంప్యూటర్లు చాలక ఇద్దర్ని కూర్చోబెట్టడం లేదు. పోయిన దీపావళికి ఒక దాత నాలుగు కంప్యూటర్లు ఇచ్చారు. పాతవి 8, ఇవి 4, మొత్తం 12. పిల్లలు 14 మంది. కావాలంటే దాదాపు తలకొకటి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. 7 కంప్యూటర్లు వాడి, 5 కంప్యూటర్ల మీద గుడ్డ కప్పి ఉంచాం. గొడవ అక్కడే మొదలైంది. "దానం చేసిన వస్తువు మూలకు పెట్టి పిల్లల్ని ఇరికించి కూర్చోబెడతారా" అని ఒక కాక మెట్ల మీదనే నిలబెట్టి అడిగారు. ఆయన కోపంలో తప్పు లేదు. ఆయనకు ముందే చెప్పకపోవడం మా తప్పు. అందుకే ఇప్పుడు చెప్తున్నాం.

రెండేళ్ళ కింద క్లాసు మొదలైనప్పుడు తలకొక కంప్యూటరే. 16 మంది, రెండు బ్యాచులు, ఒక్కో బ్యాచులో 8 మంది పిల్లలు, 8 యంత్రాలు. చూడ్డానికి ఫోటో చాలా బాగుండేది. అప్పటి కమిటీ ఆ ఫోటోను సంఘం క్యాలెండర్‌లో కూడా వేసింది. సంక్రాంతి నాటికి మిగిలింది ఆరుగురు.

ఎందుకు పోయారో మేము ఇండ్ల చుట్టూ తిరిగి అడిగాం. భద్రావతి పేటలో ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. "నాకు ఆ చదువు రాదు సార్, నా బుర్రకు ఎక్కదు" అని ఆ పిల్ల తల దించుకుని చెప్పింది. ఆమె చివరిసారి వచ్చిన రోజు రాసిన ఫైలు ఇంకా కంప్యూటర్‌లో ఉంది. తీసి చూశాం. పైథాన్‌లో 'ఇఫ్' అని రాసిన వరుస చివర కోలన్ పెట్టాలి. రెండు చుక్కలు. ఆమె పెట్టలేదు. ఎర్ర అక్షరాలతో ఎర్రర్ వచ్చింది. గంటసేపు ఆ ఎర్ర అక్షరాల ముందు కూర్చుంది. చెయ్యి ఎత్తితే అందరూ చూస్తారని ఎత్తలేదు. మేము పక్క వరుసలో వేరే పిల్లాడి దగ్గర ఉన్నాం. రెండు చుక్కలు లేనందుకు ఒక పిల్ల తనకు బుర్ర లేదని నమ్మి ఇంటికి పోయింది. పక్కన తనలాంటిదే ఇంకో పిల్ల కూర్చుని ఉంటే అది అర నిమిషం పని.

ఆ ఫైలు చూసిన రోజే జంటలు పెట్టాలని తీర్మానం చేసుకున్నాం.

ఎలా జరుగుతుందో చెప్తాం. ఎందుకంటే అభ్యంతరం చెప్పినవాళ్ళలో మెట్లు ఎక్కి లోపలికి వచ్చి చూసింది ఇద్దరే. ఒక కంప్యూటర్, ఒక కీబోర్డు, రెండు కుర్చీలు. ఒకరు కీబోర్డు పట్టుకుని కోడ్ రాస్తారు. రెండోవారు కీబోర్డు ముట్టకూడదు. తెర చూస్తూ, ముందుకు ఏం చేయాలో ఆలోచిస్తూ, తప్పు కనిపిస్తే నోటితో చెప్పాలి. వేలు పెట్టి నొక్కకూడదు. పదిహేను నిమిషాలకు గంట కొడతాం, కుర్చీలు మారతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు మొదటివారిని డ్రైవర్ అని, రెండోవారిని నావిగేటర్ అని అంటారు. మన పిల్లలకు నావిగేటర్ నోరు తిరగలేదు. లారీ చూసిన పిల్లలు కదా, "డ్రైవర్, క్లీనర్" అని పేరు పెట్టుకున్నారు. వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ దిగి "రానీ, రానీ, బస్ బస్" అని తలుపు మీద చరుస్తాడు చూడండి, అదే పని. మొదట్లో క్లీనర్ కావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు కొందరు పిల్లలు గంట కొట్టినా క్లీనర్ కుర్చీ వదలరు. తప్పు పట్టుకోవడంలో ఉన్న రుచి మరిగారు.

ఇప్పుడు నోటీసులోని "నష్టం" సంగతి.

మన ఆడవాళ్ళ భిషీ తెలియని ఇల్లు లేదు. పన్నెండు మంది కలిసి నెలకింత అని వేసి, నెలకొకరు ఎత్తుకునే భిషీ. పిల్లలకు పుస్తకంలోని లెక్కల బదులు ఆ లెక్కే ఇచ్చాం. ఏ నెల ఏ నంబరు మనిషి ఎత్తుకుంటుందో వరుసగా చూపించే ప్రోగ్రాం రాయాలి. ఒక జంటలో డ్రైవర్ మంచి చురుకైన పిలగాడు, లెక్కల్లో స్కూలు ఫస్ట్. లూప్‌లో 'రేంజ్ (1, 12)' అని టకటకా కొట్టేశాడు. నడిపించాడు. ఎర్రర్ రాలేదు. వరుసగా అంకెలు వచ్చాయి. "అయిపోయింది" అని కుర్చీ వెనక్కి జరిపాడు.

క్లీనర్‌గా ఉన్న పిల్లాడు వేళ్ళు ముడుస్తూ లెక్కబెట్టి, "మా అమ్మ ఏది?" అన్నాడు.

"ఏం అమ్మ?"

"మా అమ్మ నంబర్ పన్నెండు. ఈడ పదకొండు కాడికే ఆగింది. మా అమ్మ పైసలు ఎవరు తిన్నరు?"

"కంప్యూటర్ తప్పు చేయదురా, నీదే ఉల్టా లెక్క."

"అరే, నువ్వే చూడు. పన్నెండు ఏది?"

పది నిమిషాలు కొట్టుకున్నారు. మేము దూరం నుంచి విన్నాం, వెళ్ళలేదు. చివరికి ఇద్దరూ కలిసి తెలుసుకున్నది ఏమిటంటే, పైథాన్‌లో 'రేంజ్ (1, 12)' అంటే 1 నుంచి 11 దాకానే. చివరి అంకె లోపలికి రాదు. పన్నెండు కావాలంటే 13 అని రాయాలి. ఏళ్ళ తరబడి పని చేసిన ఇంజనీర్లు కూడా చేసే తప్పు ఇది. ఇలాంటి తప్పుకు ఎర్ర అక్షరాలు రావు. యంత్రం దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. తన తల్లి పన్నెండో నంబరు అయిన పిల్లాడు పక్కన కూర్చున్నాడు కాబట్టి దొరికింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న స్కూలు ఫస్ట్ పిలగాడు "అయిపోయింది" అనుకుని తర్వాతి వీడియోకు పోయేవాడు. ఆ రోజు ఎవరికి నష్టం జరిగిందో నోటీసు రాసినవారు చెప్పాలి.

"ఒకడు నేర్చుకుంటాడు, ఇంకొకడు చూస్తూ కూర్చుంటాడు" అన్నది అందరూ అనే మాట. అది జరగదని మేము అనం. జరుగుతుంది. కుర్చీలు మార్చకపోతే తప్పకుండా జరుగుతుంది. అందుకే గంట. అందుకే మూడు వారాలకోసారి జంటలు మార్చడం. అందుకే నెలాఖరు ఆదివారం ఎవరి కంప్యూటర్ వాళ్ళది, మాటలు బంద్, ఒక చిన్న ప్రోగ్రాం ఒంటరిగా రాయాలి. గుడ్డ కప్పి మూలకు పెట్టామన్న ఆ ఐదు కంప్యూటర్ల గుడ్డ ఆ రోజే తీస్తాం. ఆ రోజు ఎవరు జంట మీద వాలి బతుకుతున్నారో తెలిసిపోతుంది.

ఇక "కాపీ" అనే ఆరోపణ. ఈ మాట అన్నది ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. ఆయనంటే మాకు గౌరవం, మాలో ఇద్దరం ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళమే. సార్, మీరు కాపీ అంటున్నది ఒకడు రాసింది ఇంకొకడు చూసి ఎక్కించుకోవడం. ఇక్కడ ఒకటే కాగితం, రెండు తలలు. ప్రతి వరుసకూ "ఎందుకు" అని పక్కవాడు అడుగుతాడు, జవాబు చెప్పకుండా వాడు వదలడు. మీ క్లాసులో కూడా ఇంత గట్టిగా ఎవరూ మమ్మల్ని "ఎందుకు" అని అడగలేదు. పరీక్ష హాలు నియమాలను నేర్చుకునే గదిలోకి తెచ్చి పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పరీక్ష రోజు నోరు మూసుకోవాల్సిందే. మిగతా రోజులన్నీ పరీక్ష రోజులు కావు కదా సార్.

చదువుకున్న సభ్యులు కొందరు రుజువులు అడిగారు. మంచిదే. ఇద్దరు కలిసి ఒక కంప్యూటర్ మీద ప్రోగ్రాం రాయడం మేము కనిపెట్టింది కాదు. 1999లో కెంట్ బెక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రాసిన పుస్తకంతో అది కంపెనీల్లో ఒక పద్ధతిగా పేరు తెచ్చుకుంది. అదే ఏడాది యూటా విశ్వవిద్యాలయంలో లారీ విలియమ్స్ అనే పరిశోధకురాలు పెద్ద తరగతుల విద్యార్థుల మీద ప్రయోగం చేశారు. కొందరు ఒంటరిగా, కొందరు జంటగా అవే ప్రోగ్రాములు రాశారు. జంటలకు మొత్తం మీద పని గంటలు సుమారు 15 శాతం ఎక్కువ పట్టాయి, ప్రోగ్రాముల్లో తప్పులు కూడా సుమారు అంతే శాతం తగ్గాయి. ఇద్దరు కూర్చుంటే రెట్టింపు సమయం వృథా అని లెక్క కట్టేవారు ఆ మొదటి అంకెను చూడాలి. తర్వాత కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ విశ్వవిద్యాలయంలో మొదటిసారి ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల మీద ఇదే చూశారు. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. జంటగా నేర్చుకున్నవారు మధ్యలో మానేయడం తగ్గింది, తమ పని మీద తమకు నమ్మకం పెరిగింది, ఆ విద్యలో కొనసాగిన ఆడపిల్లల సంఖ్య పెరిగింది.

అన్నీ మాకు అనుకూలంగానే ఉన్నాయని చెప్పం. 2009లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసినవారు, తేలిక పనుల్లో జంటలు త్వరగా ముగిస్తాయని, కష్టమైన పనుల్లో నాణ్యత పెరుగుతుంది కానీ శ్రమ కూడా పెరుగుతుందని, అన్ని చోట్లా ఒకేలా లాభం లేదని తేల్చారు. మా లెక్క కూడా చెప్తాం: జంటలు పెట్టిన ఏడాది 16 మంది చేరితే 14 మంది ఉన్నారు. ముందటేడు 16కు 6. ఇది శాస్త్రం కాదు, ఒక హాలు, ఒక ఊరు, కొందరు పిల్లలు. కానీ ఆ ఎనిమిది మంది తేడా మన ఇండ్లలో పిల్లలే.

ఇంత దూరం అమెరికాకు పోవాల్సిన పని కూడా లేదు. తెలంగాణ జిల్లాల నుంచి మన తాతలు, ముత్తాతలు సోలాపూర్‌కు వచ్చింది మగ్గం పట్టుకుని. సాంచెల కార్ఖానా చూసిన ప్రతి ఒక్కరికీ వైపని తెలుసు. కొత్త బీము ఎక్కించేటప్పుడు వందల పోగులను ఒక్కొక్కటిగా రాచుల కళ్ళల్లోంచి, ఫణి పళ్ళ సందుల్లోంచి తీయాలి. బీము వెనక ఒకరు కూర్చుని వరుస తప్పకుండా పోగు అందిస్తారు. ముందర ఒకరు కొక్కెంతో ఆ పోగును లాగుతారు. ముందరివాడికి వెనకటి వరుస కనపడదు, వెనకవాడికి ముందరి పన్ను కనపడదు. ఒక్క పోగు తప్పు కంట్లో పడితే ఆ బీము అయిపోయేదాకా బట్ట పొడుగునా గీత పడుతుంది. అందుకే వాళ్ళు నోటితో మాట్లాడుకుంటూనే ఉంటారు. "ఇద్దరెందుకు, ఒకడు చాలడా, ఇంకొకడికి కూలి దండగ" అని ఏ షావుకారి అనడం మేము వినలేదు. గీత పడిన చద్దరు ధర ఆయనకు తెలుసు.

ఆ చద్దరు మీద నెమలి, పువ్వు వచ్చేది జకార్డు అట్టలతో. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఫ్రాన్సులో జకార్డ్ ఈ యంత్రాన్ని 1804 ప్రాంతంలో తయారుచేశాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ చిల్లుల అట్టలనే వాడాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు హోలరిత్ చిల్లుల కార్డుల మీద జరిగాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కంప్యూటర్లకు ప్రోగ్రాము ఇచ్చింది చిల్లుల కార్డుల మీదనే. అంటే కోడింగ్ మన పిల్లలకు పుణె నుంచి డబ్బా కట్టి తెచ్చుకోవాల్సిన పరాయి విద్య కాదు. మన కార్ఖానా అటక మీద ఆ అట్టల కట్టలు ఇంకా దుమ్ము పట్టి ఉన్నాయి. మాలో డిజైన్లు గీసే అన్న ఒక కట్ట తెచ్చి పిల్లలకు చూపించాడు. "చిల్లు అంటే ఒకటి, చిల్లు లేకపోతే సున్నా" అని ఎవరూ చెప్పకముందే ఒక పిల్ల అనేసింది. వాళ్ళ నాయిన సాంచెల మీద పని చేస్తాడు.

ఇప్పుడు ఎవరూ నోటీసులో రాయని, కానీ మెట్ల కింద అందరూ మాట్లాడుకునే సంగతికి వద్దాం. ఆడపిల్ల, మగపిల్లాడు ఒకే కంప్యూటర్ ముందు పక్కపక్కన కూర్చోవడం. ఇదే అసలు కారణమని మాకు తెలుసు. నేరుగా అనండి, నేరుగా జవాబు చెప్తాం. హాలు తలుపులు తీసే ఉంటాయి, ముగ్గురు పెద్దవాళ్ళం తిరుగుతూనే ఉంటాం, ఏ తల్లి అయినా వచ్చి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. ఏ ఇంట్లోనైనా వద్దంటే ఆ పిల్లను ఇంకో ఆడపిల్లతోనే కూర్చోబెడతాం, ఇప్పటికే ఇద్దరి విషయంలో అలా చేశాం. కానీ దాని కోసం క్లాసునే మూసేయడం ఎందుకు? ఇదే పిల్లలు రేపు హైదరాబాద్‌లోనో హింజవడీలోనో ఒకే టేబుల్ మీద పని చేసి జీతం పంపితే తీసుకుంటాం కదా. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటర్‌ను లోకానికి చూపించిన రోజు నడిచిన ప్రోగ్రామును సిద్ధం చేసింది బెట్టీ స్నైడర్, జీన్ జెన్నింగ్స్ అనే ఇద్దరు అమ్మాయిలు, జంటగా. మన ఆడపిల్లలు ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ బీడీల చాటల ముందు కూర్చోవచ్చు కానీ తెర ముందు కూర్చోకూడదా?

"మా వాడు తెలివైనవాడు, మొద్దు పిల్లల పక్కన కూర్చుని వెనకబడుతున్నాడు" అన్న బావగారికి ఒక మాట. ఆ తెలివైనవాడే భిషీలో ఒక తల్లిని మాయం చేసినవాడు. పరిహాసం కాదు. వాడు మంచి పిలగాడు, ఇప్పుడు నడిపించే ముందు పక్కవాడిని "లెక్కబెట్టు" అని అడుగుతున్నాడు. ఆ అలవాటు ఏ వీడియోలో వస్తుంది? కంపెనీ ఇంటర్వ్యూల్లో బోర్డు ముందు నిలబెట్టి "నీ ఆలోచన బయటికి చెప్తూ రాయి" అంటారని మాలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారు చెప్తారు. మన పిల్లలు ఎక్కువగా ఓడిపోయేది అక్కడే. కోడ్ వస్తుంది, నోరు రాదు.

నోరు అంటే గుర్తొచ్చింది. మన సంఘం తెలుగు తరగతికి ఏటా ఎంత ఖర్చు పెడుతుందో, ఎందరు పిల్లలు వస్తున్నారో కమిటీకి తెలుసు. పిల్లలు మరాఠీ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుతారు. తెలుగు ఇంట్లో అవ్వతో మాట్లాడేందుకు మాత్రమే మిగిలింది, అవ్వ పోతే అదీ పోతుంది. మా క్లాసులో ఎవరికీ తెలుగులో మాట్లాడమని చెప్పలేదు. జంటగా కూర్చుని కొట్లాట మొదలయ్యేసరికి దానంతటదే తెలుగు వచ్చింది. కోపం వచ్చినప్పుడు, తొందర పడినప్పుడు నోటికి వచ్చేది ఇంటి భాషే. వేరియబుల్‌ను "డబ్బా" అంటారు. లూప్‌ను "చుట్టు" అంటారు. "ఈ చుట్టు ఎన్నిమార్లు తిరుగుతది? డబ్బా ఖాళీ చేసినవా లేదా ముందటి పైసలు అందులనే ఉన్నయా?" అని అడుగుతుంటే, మాలో లెక్కల మాస్టారు బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చారు. (ఆయన దుమ్ము అంటారు.) మరాఠీ కలుస్తుంది, ఇంగ్లీషు కలుస్తుంది, కలవనివ్వండి. సోలాపూర్ తెలుగు ఎప్పుడు కలవకుండా ఉంది? కానీ ఆదివారం రెండు గంటలు పద్నాలుగు మంది పిల్లలు తెలుగులో లెక్కలు వాదించుకునే చోటు ఈ ఊళ్ళో మాకు తెలిసి ఇంకోటి లేదు. హెడ్‌ఫోన్ పెట్టిన పిల్ల ఏ భాషలోనూ మాట్లాడదు.

మా తప్పులూ చెప్పాలి. లేకపోతే మీటింగులో మీరే చెప్తారు. రెండు జంటలు పూర్తిగా చెడిపోయాయి. ఒకదాంట్లో ఒక పెద్ద పిలగాడు పక్కవాడిని వెక్కిరించి ఏడిపించాడు, మేము మూడో వారానికి గానీ గమనించలేదు. ఇంకోదాంట్లో ఒక పిల్ల మూడు ఆదివారాలు నోరు తెరవకుండా కూర్చుంది. ఆమె క్లీనర్ కుర్చీలో ఉన్నప్పుడు డ్రైవర్ ఆమెను అడగనే లేదు. జంట పెడితే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు నేర్చుకుంటారని మేము మురిసిపోయిన రోజులవి. అది నిజం కాదు. ఎవరు మాట్లాడుతున్నారో వినే పెద్దమనిషి గదిలో ఉండాలి. బాగా వచ్చినవాడిని ఏమీ రానివాడితో కలిపితే ఒకడు విసుక్కుంటాడు, ఒకడు ముడుచుకుంటాడు. దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళను కలపాలని దెబ్బ తిన్నాక తెలిసింది. ఆ పిల్ల ఇప్పుడు వస్తోంది. వెక్కిరింపు పడిన పిల్లాడు రావడం లేదు. 16లో తగ్గిన ఇద్దరిలో అతనొకడు. వాళ్ళ ఇంటికి మేము రెండుసార్లు వెళ్ళాం, మళ్ళీ వెళ్తాం.

చివరి అభ్యంతరం కొత్తది: "ఇప్పుడు ఏఐ ఉంది కదా, కోడ్ అదే రాసిస్తుంది, పక్కన ఇంకో పిల్ల ఎందుకు?" రాసిస్తుంది, నిజమే. మేమూ వాడుతున్నాం. భిషీ ప్రోగ్రాం అడిగితే క్షణంలో ఇస్తుంది, చాలాసార్లు సరిగ్గానే ఇస్తుంది. సరిగ్గా ఇవ్వని రోజు కనిపెట్టేది ఎవరు? అప్పుడు డ్రైవర్ కుర్చీలో యంత్రం కూర్చుంటుంది, మనిషికి మిగిలేది క్లీనర్ కుర్చీయే. పక్కవాడు రాసింది చదవడం, అనుమానించడం, "పన్నెండు ఏది" అని అడగడం ఇప్పుడు నేర్చుకోని పిల్ల అప్పుడు యంత్రాన్ని ఏం అడుగుతుంది?

కాబట్టి 6వ అంశం మీద మా సవరణ ఇది, రాతపూర్వకంగా సెక్రటరీ గారికి ఇచ్చాం. ప్యాకేజీ కొనవద్దు. ఆ డబ్బులో చిన్న భాగంతో హాలుకు ఒక ఇన్వర్టర్ కొనండి, కరెంటు పోతే పిల్లల పని పోతోంది. మేము ఐదుగురం చాలడం లేదు, జంటలకు చెవి పెట్టడానికి ఇంకో ఇద్దరు కావాలి. సభ్యుల ఇండ్లలో కాలేజీ పిల్లలుంటే పంపండి, కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు, వినడం వస్తే చాలు. మిగిలిన సొమ్ముతో, కుంభారి దగ్గరి విడి ఘర్కుల్‌లో ఇలాంటిదే ఇంకో క్లాసు పెట్టండి. అక్కడి నుంచి బస్సులో వచ్చే నలుగురు పిల్లలకు రానూపోనూ సగం రోజు పోతోంది. అక్కడికి పంపడానికి, గుడ్డ కప్పిన ఆ ఐదు కంప్యూటర్లు ఉండనే ఉన్నాయి. దానమిచ్చిన ఆయనను అడిగాం, సంతోషంగా సరే అన్నారు. మా పద్ధతే కావాలని కూడా పట్టుబట్టం. ఒక ఆరు నెలలు అక్కడ జంటలు, ఇక్కడ జంటలు నడిపి, ఎందరు చేరారు, ఎందరు మిగిలారు, నెలాఖరు ఒంటరి పరీక్షలో ఎలా రాశారు అన్నది కాగితం మీద పెట్టి కమిటీ ముందు ఉంచుతాం. నచ్చకపోతే అప్పుడు మూసేయండి.

ఓటు వేసే ముందు ఒక్కసారి వచ్చి చూడండి. ఈ ఆదివారం పదింటికి. మెట్ల పక్కన చెప్పుల స్టాండు ఉంది, పై అంతస్తు, గోల వినపడే గది. పిల్లలు భిషీ ప్రోగ్రాం రెండో భాగం రాస్తున్నారు: ఏడో నెలలో చీటీ ఎత్తుకున్న మనిషి ఎనిమిదో నెల నుంచి డబ్బు కట్టడం మానేస్తే మిగతావాళ్ళ లెక్క ఏమవుతుంది? పోయిన వారం రెండు గంటలు వాదించుకున్నారు, తెగలేదు. భిషీలు నడిపిన అక్కలు, వదినెలు ఎవరైనా వస్తే పిల్లలకు కొంచెం చెప్పి పెట్టండి. మాకు కూడా సరిగ్గా తెలియదు.